ఈస్ట్‌తో పాతకాలపు వాఫుల్స్: ప్లేటులో పెట్టగానే మెత్తబడుతున్నాయి, అచ్చుకి అంటుకుంటున్నాయి

కరకర_కావాలి:
బేకింగ్ పౌడర్ రకం కాదండీ. రాత్రి ఈస్ట్‌తో పిండి కలిపి పొద్దున పోసుకునే పాత అమెరికన్ వాఫుల్స్ గురించి అడుగుతున్నాను. గళ్లున్న రెండు రేకుల అచ్చు, పోత ఇనుముది, స్టవ్ మీద తిప్పి కాల్చేది. కొలతలు ఇవీ: మైదా 250 గ్రాములు, పాలు 450 మి.లీ., వెన్న 40 గ్రాములు, పంచదార 50 గ్రాములు, గుడ్లు 2, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను. అన్నీ రాత్రే కలిపి బయట ఉంచుతున్నాను (హైదరాబాద్, ఎండాకాలం). పొద్దునకి పుల్లటి వాసన. కాల్చితే రంగు బాగా వస్తుంది కానీ రెండు నిమిషాల్లో మెత్తబడిపోతాయి. అచ్చు తెరిస్తే సగం పైరేకుకి, సగం కిందిరేకుకి అంటుకుని చీలిపోతున్నాయి. ఏది మార్చాలి?

పులిసిన_పిండి:
మీ కొలతల్లో పంచదార ఎక్కువ, వెన్న తక్కువ. మీరు చెప్పిన లక్షణాల్లో చాలావరకు అక్కడివే.

పంచదార ఎక్కువైతే రంగు తొందరగా వచ్చేస్తుంది. లోపలి నీరు ఇంకా పోకుండానే అయిపోయిందనుకుని తీసేస్తాం. ఆ నీరు ఆవిరై పైపొరని మెత్తబరుస్తుంది. పైగా పంచదార కరిగి ఇనుముకి పట్టుకుంటుంది. 10 గ్రాములు చాలు, తీపి పైన పోసుకునే సిరప్‌ది. వెన్న 100 గ్రాములకి పెంచండి. ఎక్కువ అనిపిస్తుంది గానీ ఈ రకానికి అంత కావాల్సిందే. వెన్నలో నీరు కూడా ఉంటుంది కాబట్టి నెయ్యి అయితే 80 గ్రాములు సరిపోతుంది.

పాలు 300, నీళ్లు 150 మి.లీ. చేయండి. మొత్తం పాలే అయితే రంగు ముందు, కరకర తర్వాత వస్తుంది. మైదాలో 30 గ్రాములు తీసి కార్న్‌ఫ్లోర్ వేస్తే పొర ఇంకా పెళుసుగా ఉంటుంది.

కలిపే వరస: వెన్న కరిగించి అందులో పాలు, నీళ్లు పోయండి. చల్లటి పాలు పోస్తే వెన్న గడ్డ కడుతుంది, కాబట్టి అన్నీ గోరువెచ్చగా, 40 డిగ్రీల దగ్గర ఉండాలి. 55 దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది. తర్వాత మైదా, పంచదార, ఈస్ట్, 5 గ్రాముల ఉప్పు (ఉప్పు వెన్న అయితే 3 గ్రాములు). గరిటజారుగా ఉండాలి. గిన్నె మూడు లీటర్లదైనా తీసుకోండి, లేకపోతే పొంగి ఫ్రిజ్ అంతా పారుతుంది.

మన ఎండల్లో రాత్రంతా బయట పెట్టే పద్ధతి పనికిరాదు. అది చల్లటి వంటిళ్లకి రాసినది. గంటసేపు బయట ఉంచి, బుడగలు కనిపించగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దునకి పొంగి కిందికి దిగినా కంగారు పడకండి, అలాగే ఉంటుంది. గుడ్లు రాత్రి వేయకూడదు, పచ్చి గుడ్డు అంతసేపు వెచ్చగా ఉండటం మంచిది కాదు. పొద్దున గుడ్లు గిలక్కొట్టి, పావు టీస్పూను వంటసోడాతో కలిపి వెంటనే పోయండి. సోడా ఆ పులుపుని తగ్గిస్తుంది, అచ్చులో పొంగూ ఇస్తుంది.

ఇనపరేకు:
పిండి సంగతి పైన వచ్చేసింది, అచ్చు గురించి చెప్తాను. గులాబీ పువ్వుల అచ్చు చల్లగా ఉంటే పిండి వదలనట్టే ఇదీనూ. పిండి పోసే ముందు మధ్యస్థం మంట మీద ఒక్కోవైపు 4–5 నిమిషాలు కాగాలి. రెండు రేకుల మీదా నీటిచుక్క చిటపటలాడి ఎగిరిపోవాలి. పైరేకుని ఎవరూ పట్టించుకోరు, మీది చీలిపోవడానికి అదే కారణమై ఉంటుంది.

రాయడానికి వెన్న వాడకండి. అందులోని పాలపదార్థం మాడి జిగురవుతుంది. నూనె గానీ నెయ్యి గానీ బ్రష్‌తో గళ్ల మూలలదాకా పలచగా రాయండి. పిండి పోసి, మూసి, పది సెకన్లలోపే తిప్పేయండి, పైరేకుకీ పిండి పడుతుంది. తర్వాత ఒక్కోవైపు సుమారు 2 నిమిషాలు. గడియారం కంటే ఆవిరిని నమ్మాలి: అంచుల్లోంచి ధారగా వస్తున్నంతసేపూ తెరవొద్దు. బాగా తగ్గాక మెల్లగా ఎత్తి చూడండి. బిగుసుకుంటే లాగొద్దు, ఇంకో నిమిషం మూసి ఉంచితే చాలావరకు దానంతటదే వదులుతుంది.

దీన్ని సబ్బునీళ్లలో నానబెట్టకండి. గోరువెచ్చగా ఉండగానే గట్టి బ్రష్‌తో తుడిచి, చుక్క నూనె రాసి పెట్టండి.

అన్నట్టు, అమెరికాలో ఆగస్టు 24ని వాఫుల్ డే అంటారు. ట్రాయ్ నగరంలో కార్నీలియస్ స్వార్ట్‌వౌట్‌కి 1869లో ఇలాంటి స్టవ్ మీద అచ్చుకే పేటెంట్ వచ్చింది ఆ రోజున.

కరకర_కావాలి:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఇంట్లో ఒకరు గుడ్డు తినరు. అది లేకుండా కుదురుతుందా? అలాగే బెల్జియం లీయేజ్ వాఫుల్‌లో వేసే ముత్యాల పంచదార (పెర్ల్ షుగర్, తెల్లటి గట్టి పలుకులు) బదులు పటికబెల్లం వేయొచ్చా?

పులిసిన_పిండి:
గుడ్డు లేకుండా కుదురుతుంది, కాస్త తేలిక తగ్గుతుంది. 3 టేబుల్‌స్పూన్ల పెరుగు, ఒక టేబుల్‌స్పూను నూనె కలపండి. గుడ్డు పట్టు ఉండదు కాబట్టి ఒక్కోవైపు అర నిమిషం ఎక్కువ కాల్చండి, వేడిగా ఉన్నప్పుడు విరుగుతుంది.

పటికబెల్లం వద్దు. గట్టి స్ఫటికం, అచ్చులో ఉండే కొద్ది నిమిషాల్లో కరగదు, పంటికి తగులుతుంది. పంచదార క్యూబులు బఠాణీ గింజంత ముక్కలుగా కొట్టి వాడండి. అయితే లీయేజ్‌ది గరిటజారు పిండి కాదు, ముద్ద. పంచదార చివర్లో, ముద్ద పొంగాకే కలపాలి. కరిగిన పంచదార పోత ఇనుము గళ్లలో పట్టుకుంటుంది, అచ్చు వేడిగా ఉండగానే తడిగుడ్డతో జాగ్రత్తగా తుడిచేయండి.

ఇనపరేకు:
ఇంకొకటి. కాల్చినవి ప్లేటులో ఒకదానిమీద ఒకటి పేర్చకండి, కింద ఆవిరి చేరుతుంది. తీగల జాలీ స్టాండ్ మీద విడివిడిగా పెట్టండి. అందరికీ ఒకేసారి వడ్డించాలంటే 95 డిగ్రీల ఓవెన్‌లో జాలీ మీదే ఉంచండి. మిగిలితే పూర్తిగా చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టి, తీసినవి తీసినట్టే టోస్టర్‌లో వేయండి. మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు, మెత్తబడిపోతాయి.