పాత యజమాని ఎగ్గొట్టిన ఇంటి పన్ను కొత్త యజమాని నెత్తినా?
(ఇది ఆన్‌లైన్ చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

మూడో అంతస్తు
హైదరాబాద్‌లో రీసేల్ ఫ్లాట్ల దగ్గర తరచూ వచ్చే తగువు ఇది. రిజిస్ట్రేషన్ అయిపోతుంది, తాళాలు చేతికొస్తాయి. ఆ తర్వాత జీహెచ్‌ఎంసీ సైట్‌లో పీటీఐఎన్ (ఆస్తి పన్ను గుర్తింపు నంబరు) కొట్టి చూస్తే మూడేళ్ల బకాయి, దాని మీద వడ్డీ. అమ్మినాయన ఫోన్ ఎత్తడు. సర్కిల్ ఆఫీసులో అడిగితే మాకు మనిషితో పనిలేదు, ఇంటితోనే పని అంటారు.

నా ప్రశ్నలు రెండు. పాత బాకీ కట్టనని నిలబడే హక్కు కొన్నవారికి ఉందా? లేకపోతే, వడ్డీ మాఫీ పథకం ఎలాగూ వస్తుందని ఆగడం తెలివైన పనేనా?

పన్నుమాట
హక్కు లేదు. ఆస్తి పన్ను ఆ ఆస్తి మీదే మొదటి చార్జ్. అంటే ఆ బాకీకి ఆ ఇల్లే పూచీ. ఇల్లు ఎన్ని చేతులు మారినా చార్జ్ ఇంటితోపాటే వస్తుంది. "నేను వాడుకోని కాలానికి నేనెందుకు కట్టాలి" అన్నది న్యాయమైన మాటే. కానీ ఆ మాట అనాల్సింది అమ్మినాయనతో, మున్సిపాలిటీతో కాదు.

అడ్డసున్నా
అంత తేలిగ్గా తేల్చేయకండి పన్నుమాట గారూ. ఆస్తి బదిలీ చట్టం 1882లో సెక్షన్ 100 ఉంది. వేరే చట్టం స్పష్టంగా చెబితే తప్ప, చార్జ్ సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాడి చేతిలో ఉన్న ఆస్తి మీద ఆ చార్జ్‌ను అమలు చేయడానికి వీల్లేదని అందులో ఉంది. సరిగ్గా ఇదే తగువు అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1971లో తీర్పు కొన్నవాడి పక్షానే వచ్చింది. మున్సిపల్ బకాయి ఉందని కొనేవాడికి తెలిసే ఉంటుందని ముందుగానే ఊహించుకోకూడదు, తెలుసా లేదా అన్నది ప్రతి కేసులో నిజానిజాలు చూసి తేల్చాలని కోర్టు చెప్పింది. చార్జ్ ఉంది కాబట్టి కట్టి తీరాలి అనేది సగం నిజమే.

పన్నుమాట
ఆ తీర్పు నాకూ తెలుసు. మిగతా సగం మీరు చెప్పలేదు. అక్కడ ఆస్తి కోర్టు వేలంలో అమ్ముడైంది. అంతకుముందు రిసీవర్ల (ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టినవాళ్ల) చేతిలో ఉంది, వాళ్లు పన్ను కట్టే ఉంటారని కొన్నవాడు నమ్మడానికి ఒక కారణం ఉంది.

మన ఫ్లాట్ సంగతి వేరు. "తెలియడం" అంటే ఏమిటో అదే చట్టం సెక్షన్ 3 చెబుతుంది: కావాలని విచారించకుండా వదిలేసినా, ఘోరంగా నిర్లక్ష్యం చేసినా తెలిసినట్టే లెక్క. ఇప్పుడు పీటీఐఎన్ దస్తావేజులోనే రాస్తారు. ఆ నంబరు సైట్‌లో కొడితే పైసలతో సహా బకాయి కనిపిస్తుంది. లాగిన్ కూడా అక్కర్లేదు. అర నిమిషం పని చేయకుండా "నాకు తెలియదు" అంటే ఏ జడ్జి వింటాడు? 1971 నాటి కొనుగోలుదారుడికి ఆ సదుపాయం లేదు.

అడ్డసున్నా
వింటారో లేదో ముందే తేల్చేయడానికి మనం జడ్జీలం కాదు. అయితే 30 వేల బాకీ కోసం హైకోర్టుకు వెళితే వకీలు ఫీజు అంతకంటే ఎక్కువవుతుంది, అది ఒప్పుకుంటాను. బ్యాంకు వేలంలో కొన్నవాళ్లకు, లక్షల్లో బకాయి ఉన్న షాపులకు ఈ వాదన పనికొస్తుంది. మళ్లీ అందులోనూ మెలిక: "ఉన్నది ఉన్నట్టు" అని అమ్మే వేలం ప్రకటనలో బకాయిలన్నీ కొనేవారివే అని ఒక లైను ఉంటే, తెలియదనే మాట అక్కడితో సరి.

కొత్త గృహప్రవేశం
కరెంటు బాకీ విషయంలో 2023లో సుప్రీంకోర్టు కొత్త యజమాని దగ్గర కూడా వసూలు చేయొచ్చు అంది కదా? ఇదీ అంతేనా?

పన్నుమాట
కలపకండి. అది కేరళ విద్యుత్ బోర్డు కేసు. కొత్త కనెక్షన్ కావాలంటే పాత బాకీ కట్టాలన్న షరతు విద్యుత్ నిబంధనల్లో ఉందా అన్నది అక్కడి ప్రశ్న. పన్నుకు దారి వేరు. నీళ్ల బిల్లు మళ్లీ వేరే, దానికి క్యాన్ నంబరుతో (నీటి కనెక్షన్ ఖాతా నంబరు) విడిగా చూసుకోవాలి.

లెక్కల పుస్తకం
అందరూ చట్టం మాట్లాడుతున్నారు, అంకెలు ఎవరూ వేయలేదు. రెండో ప్రశ్నకు అంకెలే జవాబు.

ప్లింత్ ఏరియా, అంటే కట్టడం విస్తీర్ణం, 1,200 చదరపు అడుగులు. ఆ ఏరియాకు జీహెచ్‌ఎంసీ పెట్టిన నెలవారీ అద్దె విలువ చదరపు అడుగుకు 2 రూపాయలు అనుకుందాం. నెలకు 2,400, ఏడాదికి 28,800. అందులో 10 శాతం తరుగు తీస్తే 25,920. నెల అద్దె విలువ 300 దాటితే నివాస గృహాలకు 30 శాతం శ్లాబు, అంటే 7,776. దీని మీద 8 శాతం లైబ్రరీ సెస్సు 622. మొత్తం ఏడాదికి 8,398, అర్ధ సంవత్సరానికి 4,199.

మూడేళ్లంటే ఆరు అర్ధ సంవత్సరాలు, అసలు 25,194. వడ్డీ నెలకు 2 శాతం. ఆలస్యం వరుసగా 33, 27, 21, 15, 9, 3 నెలలు అనుకుంటే కలిపి 108 నెలలు. ఒక్కో నెలకు దాదాపు 84 రూపాయలు, మొత్తం వడ్డీ 9,070. ఈరోజు కడితే 34,264.

ఇక వన్ టైమ్ స్కీమ్. అసలు మొత్తం, వడ్డీలో 10 శాతం కడితే మిగతా 90 శాతం వడ్డీ మాఫీ. 2020లో వచ్చింది, 2022లో వచ్చింది, 2025 మార్చిలోనూ వచ్చింది. పది నెలలు ఆగారనుకోండి. నెలకు 504 చొప్పున వడ్డీ 14,109 అవుతుంది. పథకం వస్తే కట్టేది 26,605, అంటే 7,659 మిగులు. రాకపోతే కట్టేది 39,303, అంటే 5,039 నష్టం. ఈ మధ్యలో పడే కొత్త పన్ను రెండు వైపులా ఒకటే కాబట్టి కలపలేదు.

ఇది పెట్టుబడి కాదు, పందెం. ఫిబ్రవరి నెల నడుస్తుంటే మార్చి 31 దాకా ఆగడంలో అర్థముంది. పోయేది రెండు నెలల వడ్డీ, సుమారు వెయ్యి. ఏప్రిల్‌లో కూర్చుని వచ్చే మార్చి కోసం ఆగడం మాత్రం నా లెక్కలో తప్పు.

అడ్డసున్నా
మీ లెక్క ప్రకారమే పథకం రావడానికి సగం అవకాశం ఉన్నా ఆగేవాడికే లాభం కదా. 7,659 ఒకవైపు, 5,039 ఇంకోవైపు.

దస్తావేజు
అంకెల్లో సరే. కానీ ఆగినన్నాళ్లూ ఇంకో రెండు చోట్ల దెబ్బ. ఒకటి, మ్యుటేషన్. పేరు మార్పుకు తాజా పన్ను రసీదు అడుగుతారు. రిజిస్ట్రేషన్ అప్పుడే మార్కెట్ విలువలో 0.1 శాతం మ్యుటేషన్ ఫీజు తీసుకున్నా, బకాయి ఉంటే రికార్డులో పాత పేరే కొనసాగొచ్చు. పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదన్నది నిజమే, హక్కు ఇచ్చేది దస్తావేజే. అయినా రేపు లోన్ టాపప్‌కో అమ్మకానికో వెళితే మొదట అడిగే కాగితం అదే.

రెండోది ఎవరూ పట్టించుకోనిది. అమ్మినాయన దగ్గర తిరిగి వసూలు చేయాలనుకుంటే, కొన్న తేదీ తర్వాత పెరిగిన వడ్డీ ఆయన నెత్తిన వేయడం కష్టం. మీరు ఆలస్యం చేశారు కాబట్టే పెరిగిందంటాడు, సబబుగానే అంటాడు.

వసూలుకు దారి ఉంది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మిన తేదీ వరకు చెల్లించాల్సిన పన్నులు అమ్మినవాడివే. ఆ తర్వాతవి కొన్నవాడివి. ఆయన కట్టాల్సింది మీ ఆస్తిని కాపాడుకోవడానికి మీరు కట్టారు కాబట్టి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 69 కింద తిరిగి అడగొచ్చు. డబ్బు కట్టిన రోజు నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి.

చేయాల్సిన వరస ఇదీ. ముందు సైట్‌లో సంవత్సరాలవారీ డిమాండ్ ప్రింట్ తీయండి. తర్వాత అమ్మినాయనకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు: ఇన్ని అర్ధ సంవత్సరాలు, ఇంత అసలు, ఇంత వడ్డీ, 15 రోజుల్లో మీరే కట్టండి, లేకపోతే మేం కట్టి మీ దగ్గర వసూలు చేసుకుంటాం. గడువు దాటాక పీటీఐఎన్ మీద ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచండి. నగదు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకండి. చాలామంది నోటీసు అందగానే బేరానికి వస్తారు, ఎందుకంటే అంకె చిన్నది, కోర్టు ఖర్చు పెద్దది. అది వాళ్లకూ తెలుసు.

కృష్ణలంక
ఆంధ్ర వైపు చదివేవాళ్లు పైన వేసిన లెక్కను అలాగే వాడుకోవద్దు. మా దగ్గర 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ విలువ ఆధారంగా, నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య పన్ను. ఒకేసారి పెరగకుండా ఏడాదికి 15 శాతం పరిమితి పెట్టారు. అందుకే ఈ ఏడాది బిల్లును మూడుతో గుణిస్తే పాత బకాయి సరిపోదు, ప్రతి ఏడాది అంకె వేరు. ఇక్కడ చూడాల్సింది పీటీఐఎన్ కాదు, అసెస్‌మెంట్ నంబరు. మాఫీ కూడా ఒకేలా ఉండదు. 2025 మార్చిలో మాకు వడ్డీలో సగమే తగ్గించారు. ఏప్రిల్‌లో ఏడాది మొత్తం కడితే 5 శాతం రాయితీ మాత్రం రెండు చోట్లా ఉంది.

లెక్కల పుస్తకం
ఆ 5 శాతం గురించి ఒక మాట. మన ఉదాహరణలో అది సుమారు 400 రూపాయలు. దాని కోసం తప్పు బిల్లును కళ్లు మూసుకుని కట్టేయకండి. డిమాండ్‌లో మూడు చూడాలి: ప్లింత్ ఏరియా, వాడకం, డోర్ నంబరు. ప్లింత్ ఏరియాలో బాల్కనీ, గ్యారేజీ కలుస్తాయి. బిల్డర్ బ్రోచర్‌లోని సూపర్ బిల్టప్ ఏరియాను (మెట్లు, కారిడార్ల లాంటి ఉమ్మడి వాటా కలిపినది) తెచ్చి రాసేస్తే మాత్రం అడగాల్సిందే.

వాడకం ఇంకా పెద్దది. మునుపు ఆ ఫ్లాట్‌లో క్లినిక్కో ఆఫీసో నడిచి ఉంటే వాణిజ్యం కిందే ఉండిపోతుంది. అక్కడ సూత్రం 3.5 × ఏరియా × నెల అద్దె విలువ. వాణిజ్య రేటు చదరపు అడుగుకు 20 అనుకుంటే అదే 1,200 అడుగులకు ఏడాదికి 84,000. పది రెట్లు! సవరణ కోరేటప్పుడు ఏ అర్ధ సంవత్సరం నుంచి మార్చాలో దరఖాస్తులోనే రాయండి. కరెంటు బిల్లు కేటగిరీ, అద్దె ఖాళీ చేసిన కాగితం జతచేయండి. తేదీ రాయకపోతే దరఖాస్తు పెట్టిన నాటి నుంచే మారుస్తామంటారు.

మూడో అంతస్తు
ఇంకా కొననివాళ్లు ఏం చేయాలో కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే సరిపోతుంది అనుకునేవాళ్లు చాలామంది.

దస్తావేజు
ఈసీలో పన్ను బకాయి కనిపించదు. అందులో ఉండేవి రిజిస్టరైన లావాదేవీలే.

అడ్వాన్స్ ఇచ్చే ముందే పీటీఐఎన్ అడగండి. కొత్తవి 10 అంకెలు, పాతవి 14. సైట్‌లో వచ్చిన పేరు, డోర్ నంబరు మీరు కొనే ఫ్లాట్‌వేనా చూడండి. విడి ఇళ్లలో కింది అంతస్తు రసీదు చూపించి పై అంతస్తు అమ్మడం ఉంది. పై అంతస్తుకు అసెస్‌మెంటే లేకపోతే ఆ లెక్క ఏదో ఒకరోజు బయటికొస్తుంది. అనుమతి లేని కట్టడమైతే పన్ను మీద 100 శాతం వరకు అదనం కూడా పడుతుంది. పన్ను వేశారు కదా అని కట్టడం సక్రమమైపోదు.

అగ్రిమెంట్‌లో ఈ వాక్యం రాయించండి: "రిజిస్ట్రేషన్ తేదీ వరకు గల ఆస్తి పన్ను, నీటి, విద్యుత్, మెయింటెనెన్స్ బకాయిలు, తర్వాత బయటపడే పాత డిమాండ్లతో సహా, వడ్డీతో విక్రేతే భరించవలెను." బకాయి ఉంటే చివరి చెల్లింపులోంచి ఆ మొత్తం తగ్గించి మీరే ఆన్‌లైన్‌లో కట్టండి, ఎవరైనా కట్టొచ్చు.

నడుస్తున్న అర్ధ సంవత్సరం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. జూన్ 10న రిజిస్ట్రేషన్ అయితే ఏప్రిల్ 1 నుంచి 71 రోజులు. 183 రోజుల్లో అమ్మినాయన వాటా 1,629, మీది 2,570.

అడ్డసున్నా
అక్కడ మళ్లీ మీతో పేచీ. చట్టంలో ఉన్నది అమ్మిన తేదీకి చెల్లించాల్సి వచ్చిన పన్ను అని. అర్ధ సంవత్సరం మొదలవగానే మొత్తం 4,199 చెల్లించాల్సిందే అయితే, రోజుల లెక్క ఎక్కడిది? మొత్తం అమ్మినాయనదే అవ్వాలి.

దస్తావేజు
మాట వరసకు బాగుంది. మార్కెట్లో రోజుల లెక్కే నడుస్తుంది. మీ అర్థమే కావాలంటే అగ్రిమెంట్‌లో రాయించుకోండి, ఆయన సంతకం పెడితే అదే చెల్లుతుంది.

కొత్త గృహప్రవేశం
పాత బాకీ నేను కట్టి, ఫ్లాట్ అద్దెకిస్తే ఐటీ రిటర్నులో చూపించుకోవచ్చా?

లెక్కల పుస్తకం
అద్దెకిచ్చిన ఇంటికి, యజమాని ఆ ఏడాది నిజంగా కట్టిన మున్సిపల్ పన్ను అద్దె ఆదాయంలోంచి తీసేయొచ్చు. సొంతంగా ఉంటే లేదు. వడ్డీని దాంట్లో కలపకండి, పన్ను వేరు, ఆలస్య వడ్డీ వేరు. అమ్మినాయన దగ్గర తిరిగి వసూలైన డబ్బును కూడా మినహాయింపుగా చూపిస్తే రెండుసార్లు తిన్నట్టవుతుంది.