పవర్‌షెల్ స్క్రిప్టుతో, నిజంగా తగిలించి ఉన్న ప్రింటర్లను గుర్తించడం ఎలా?

ప్రశ్న

మా కళాశాల కార్యాలయంలో విండోస్ 10, విండోస్ 11 కంప్యూటర్లు ఉన్నాయి. కొన్నిటికి యుఎస్‌బి కేబులుతో లేజర్ ప్రింటర్లు తగిలించి ఉన్నాయి. మిగిలినవన్నీ సర్వర్ ద్వారా పంచుకున్న ఒకే నెట్‌వర్క్ ప్రింటర్‌ను వాడుకుంటాయి. హాల్ టికెట్లు ముద్రించే రోజుల్లో ఏ గదిలో ఏ ప్రింటర్ సిద్ధంగా ఉన్నదో ఉదయాన్నే తెలియాలని, పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు నడిపే సాధనం)లోని గెట్-ప్రింటర్ ఆదేశంతో ఒక స్క్రిప్టు రాసి, నిర్ణీత వేళకు పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో సిస్టమ్ ఖాతా (విండోస్ తన సొంత పనులకు వాడే ఖాతా) కింద నడుపుతున్నాను. కేబులు ఊడదీసిన ప్రింటర్ కూడా ఆ జాబితాలో ‘నార్మల్’ అనే స్థితితో కనబడుతున్నది. నెట్‌వర్క్ ప్రింటరేమో అసలు కనబడడమే లేదు. నేను లాగిన్ అయి అదే స్క్రిప్టును నడిపితే మాత్రం వస్తున్నది. కారణం ఏమిటో దయచేసి తెలుపగలరు.

మొదటి సమాధానం

గెట్-ప్రింటర్ మీకు చూపేది స్పూలర్ (ముద్రణ పనులను చూసుకునే విండోస్ సేవ) దగ్గర నమోదై ఉన్న క్యూలను, అంటే ప్రింటర్ల పేరిట ఉన్న పనుల వరుసలను. డ్రైవరును (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే, యంత్రాన్ని వేరే గదికి తరలించినా ఆ క్యూ అలాగే ఉండిపోతుంది. విండోస్ ప్రింటర్ వివరాలను అందించే విన్32_ప్రింటర్ తరగతిలోని వర్క్‌ఆఫ్‌లైన్ (ప్రింటర్ ఆఫ్‌లైన్‌లో ఉన్నదా అని చెప్పే) విలువను కొందరు ఆధారంగా తీసుకుంటారు. అది డ్రైవరును బట్టి మారుతుంది కనుక, దానినొక్కదానినే నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు.

యుఎస్‌బి ప్రింటర్ల సంగతి, తగిలించిన పరికరాలను గుర్తించే విండోస్ ప్లగ్ అండ్ ప్లే వ్యవస్థనే అడగండి. గెట్-పిఎన్‌పిడివైస్ ఆదేశానికి ప్రెజెంట్‌ఓన్లీ (ఇప్పుడు తగిలించి ఉన్నవే చూపమనే) స్విచ్ చేర్చి, ఇన్‌స్టాన్స్ ఐడీ (పరికరానికి విండోస్ ఇచ్చే గుర్తింపు) ‘యుఎస్‌బిప్రింట్’ అనే మాటతో మొదలయ్యే పరికరాలను మాత్రమే వడకట్టండి. ఆ ఐడీలో మొదట ప్రింటర్ మోడల్ పేరు, మధ్యలో కొన్ని అంకెలు, చివర సాధారణంగా ‘యుఎస్‌బి001’ వంటి పోర్టు పేరు ఉంటాయి. గెట్-ప్రింటర్ ఇచ్చే పోర్ట్‌నేమ్‌తో ఆ చివరి భాగాన్ని సరిపోల్చితే, ఏ క్యూకు వెనక నిజంగా యంత్రం ఉన్నదో, ఏది ఖాళీ పేరో తేలిపోతుంది. యుఎస్‌బి మీదుగానే ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) పద్ధతిలో పనిచేసే కొత్త మోడళ్లు ఈ వడపోతకు చిక్కకపోవచ్చు. వాటిని విడిగా చూసుకోవాలి.

రెండవ సమాధానం

నెట్‌వర్క్ ప్రింటర్ కనబడకపోవడానికి కారణం మీరు ఎంచుకున్న ఖాతా. సర్వర్ నుంచి పంచుకున్న ప్రింటర్‌కు మనం ఏర్పరచుకునే కనెక్షన్ సాధారణంగా ఆ వినియోగదారుకే పరిమితమై, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల భాండారంలో) హెచ్‌కీ కరెంట్ యూజర్ (లాగిన్ అయిన వినియోగదారు విభాగం) కింద ప్రింటర్స్, అందులో కనెక్షన్స్ అనే చోట నమోదవుతుంది. సిస్టమ్ ఖాతాకు మీ కనెక్షన్ కనబడదు. అందువల్ల ఆ భాగాన్ని వినియోగదారు లాగిన్ అయినప్పుడు, ఆ వినియోగదారు పేరు మీదే నడిచే టాస్క్‌గా విడదీయండి.

ఆ ప్రింటర్ ఆన్‌లో ఉన్నదా లేదా అన్నది వేరే పరీక్ష. సర్వర్ మీద గెట్-ప్రింటర్‌పోర్ట్ నడిపి, ప్రింటర్‌హోస్ట్‌అడ్రస్ గడిలోని ఐపీ చిరునామా తీసుకుని, టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో 9100 అనే నెట్‌వర్క్ పోర్టు తెరిచి ఉన్నదేమో చూడండి; ఆఫీసు లేజర్ ప్రింటర్లలో చాలావరకు ఆ పోర్టు మీదనే పనులను స్వీకరిస్తాయి. పోర్టు తెరిచి ఉన్నంత మాత్రాన ట్రేలో కాగితం ఉన్నట్టు కాదు. కాగితం, టోనరు వివరాలు కావాలంటే ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల స్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి) ద్వారా ప్రింటర్‌నే అడగాలి.

అడిగినవారు

ధన్యవాదాలండీ. పోర్టు పేరుతో సరిపోల్చే పద్ధతి చక్కగా పనిచేసింది. కేబులు తీయగానే ఆ వరుస జాబితాలో నుంచి పోతున్నది. అయితే ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’, ఫ్యాక్స్ వంటివి గెట్-ప్రింటర్ జాబితాలో ఇంకా వస్తున్నాయి. వాటిని పేరును బట్టి తీసివేయవచ్చునా?

మూడవ సమాధానం

పేరును ఎవరైనా మార్చగలరు కాబట్టి పోర్టును బట్టి తీసివేయండి. పీడీఎఫ్ ప్రింటర్‌కు ‘పోర్ట్‌ప్రాంప్ట్’, ఫ్యాక్స్‌కు ‘షర్‌ఫ్యాక్స్’ అనే పోర్టులు ఉంటాయి. ఈ రెండు పేర్ల చివరా కోలన్ గుర్తు ఉంటుందని మరవకండి, లేకపోతే పోలిక కుదరదు. మరొక మాట: ప్రింటర్ ఆపి ఉన్నప్పుడు టెస్ట్-నెట్‌కనెక్షన్ జవాబు కోసం చాలాసేపు ఎదురుచూస్తుంది. నెట్‌వర్క్ ప్రింటర్లు పెరిగితే, డాట్‌నెట్‌లోని (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదికలోని) టీసీపీక్లయింట్ అనే కనెక్షన్ సాధనాన్ని వాడి గడువును మీరే ఒక సెకనుకు కుదించుకోవడం మేలు.