జైలు రిజిస్టరులో కులం గడి తీసెయ్యడం మేలేనా?

పాతదస్త్రం:
2024 అక్టోబరు 3న పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కులాన్ని బట్టి పనులు పంచే, బ్యారకులు వేరుచేసే జైలు నిబంధనలు చెల్లవన్నారు. సంతోషం. అదే తీర్పులో ఖైదీల రిజిస్టర్ల నుంచి కులం గడినీ తీసెయ్యమన్నారు. నా పేచీ అక్కడే. పేరు, ఊరు, తండ్రి చేసే పని వినగానే ఎవరేమిటో పట్టేసే సమాజం మనది. వార్డరుకు గడి ఎందుకు? అది కావలసింది రేపు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టేవాడికి. ‘నిరుడు మరుగుదొడ్లు కడగడానికి పంపినవారిలో దళితులెంతమంది?’ అని అడిగితే, ‘అలాంటి వివరం మేము నమోదు చేయం’ అని దర్జాగా జవాబిస్తారు.

గోదారిగట్టు:
జైళ్ల నిబంధనల పుస్తకాల్లో, అంటే మాన్యువళ్లలో ఏముందో ఒకసారి చూడండి, పాతదస్త్రం గారూ. బెంగాల్ జైలు కోడ్‌లో పారిశుధ్యం పనికి మెహతర్, హరి కులాలవారిని తీసుకోవాలని పేర్లు పెట్టి మరీ రాశారు. ఉత్తరప్రదేశ్ మాన్యువల్ ఇంకా గడుసుది. కఠిన శ్రమ లేని సాధారణ జైలుశిక్ష పడినవాడికి హీనమైన పనులు చెప్పకూడదట, అలాంటి పనులకు అలవాటుపడిన వర్గంవాడైతే తప్ప! అది ఏ తెల్లదొర కాలం నాటిదో కాదండీ, 2022లో అచ్చయింది. ఇది అమలు కావాలంటే ముందు కులం రాసుకోవాలి కదా? కత్తిని నిషేధించి పిడిని మాత్రం దాచుకుందామన్నట్టుంది మీ వాదన.

సెటిల్‌మెంటు మనవడు:
మీరిద్దరూ గడి దగ్గరే ఆగిపోయారు. మేము ఎరుకలవాళ్లం. 1871లో మొదలై 1911లో మద్రాసు ప్రాంతానికీ వచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద మా తాతలు రోజూ హాజరు పలికి, చీటీ లేనిదే ఊరు దాటకుండా బతికారు. స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. ఆ చట్టం దేశమంతటా 1952కల్లా పోయింది. మొన్నామధ్య మా పినతల్లి కొడుకు ఓ జైలుకు రిమాండు మీద వెళ్లాడు. వాణ్ని కులం ఎవరూ అడగలేదు. ఊరు అడిగారు. చెప్పగానే రాస్తున్నాయన కలం ఆపి, పక్క బల్ల దగ్గరున్నాయనను పిలిచి చూపించాడట. ఆ చూపుకు ఏ గడి కొట్టేస్తారు?

పాతదస్త్రం:
నేనన్నదీ అదే కదండీ.

సెటిల్‌మెంటు మనవడు:
కాదండీ. మీరు లెక్క కోసం అడుగుతున్నారు. మా పేర్లు లెక్కల్లోకి ఎక్కిన ప్రతిసారీ మాకు మిగిలింది నిఘా.

వకాల్తా:
వివరాలు కొంచెం సరిచేస్తాను. ఆ తీర్పు వల్ల జాతీయ నేర గణాంకాల సంస్థ సేకరించే సమాచారానికి అడ్డు లేదని కోర్టే తర్వాత స్పష్టం చేసింది. 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలు, వారిలో 4,34,302 మంది విచారణలో ఉన్నవారే అని చెప్పే ఆ వార్షిక నివేదికలోనే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పట్టికలూ ఉంటాయి. అయితే ఆ పట్టికలు ఎవరు లోపల ఉన్నారో చెబుతాయి కానీ, చీపురు ఎవరి చేతికిచ్చారో చెప్పవు. పాతదస్త్రం గారి ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. ఇంకొకటి, 2024 డిసెంబరులో కేంద్ర హోంశాఖ జైళ్ల నమూనా మాన్యువల్‌నూ నమూనా చట్టాన్నీ సవరించింది. కానీ రాజ్యాంగం ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలోవి. నమూనా ఎంత చక్కగా ఉన్నా రాష్ట్రం తన నిబంధనలు మార్చుకుంటేనే పని జరుగుతుంది. ఆ తీర్పులో ప్రస్తావనకు వచ్చిన వాటిలో ఆంధ్రప్రదేశ్ నిబంధనలూ ఉన్నాయి.

పాతదస్త్రం:
మరి ఆ పట్టికలకు అంకె ఎక్కడినుంచి వస్తుంది? ఖైదీని అడగకుండా ముఖం చూసి రాస్తారా? ఎక్కడో ఒకచోట రాయక తప్పదు. అలాంటప్పుడు పనులు పంచే జైలరు బల్ల మీద వద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర ఉంచండి. ఎలాగూ వివక్ష జరుగుతోందేమో తనిఖీ చేయమని కోర్టు వారికి చెప్పింది. ఇష్టమైతేనే చెప్పాలి, బలవంతం ఉండకూడదు.

గోదారిగట్టు:
అలాగైతే ఒప్పుకుంటాను, కానీ పనుల పట్టీ కూడా పేర్లతో గోడకు అంటించాలి. నేనొక జైల్లో రెండేళ్లు అక్షరాలు నేర్పడానికి వెళ్లాను. వంటశాలలో ఎప్పుడు చూసినా ఆ నలుగురే. బయట హోటల్లో వంటచేసి వచ్చిన కుర్రాణ్ని తోటపనికి పంపారు. ఎందుకని అడిగితే, ‘అతని చేతి కూడు అందరూ తినరు సార్, గొడవలెందుకు’ అన్నారు. చెప్పినాయన చెడ్డవాడేమీ కాదు, ఆ కుర్రాడికి రెండుసార్లు సొంత డబ్బుతో మందులు తెచ్చిచ్చాడు.

వకాల్తా:
ఆ ‘గొడవలెందుకు’ అన్నదే కోర్టులోనూ వినిపించే సమర్థన. శాంతిభద్రతల పేరుతో వేరు బ్యారకులు పెడతారు. దాన్ని కోర్టు ఒప్పుకోలేదు.

సెటిల్‌మెంటు మనవడు:
ఒక్కటి తేల్చండి. ఆ కాగితం పట్టుకుని లోపలికి వచ్చి అడిగేదెవరు? పక్కన వార్డరు నిలబడి ఉంటే మావాడు కులం సంగతి అటుంచి, ఈసారి ఊరి పేరు కూడా మార్చి చెబుతాడు.