తుది నా కడవల్: “ఆ” కడవలా, “నా” కడవలా?

నల్లకోటు: జూనియర్లకు దొంగతనం సెక్షను చెప్పాలి. మొదలుపెట్టడానికి పోతన పద్యం ఒకటి నాలుక మీద ఆడుతోంది గానీ పూర్తిగా రావడం లేదు. “వారిల్లు సొచ్చి కడవలఁ దోరంబగు నెయ్యిఁ ద్రావి తుది నా కడవల్...” ఆ తర్వాత మూడో పాదం పోయింది. చివర “దొడ్డ వాదయ్యె సతీ” అని గుర్తు. ఇంతకీ కృష్ణుడు కడవలు అక్కడే వదిలేశాడా, పక్కింట్లో పెట్టాడా? పెట్టి ఉంటేనే నాకు పనికొస్తుంది.

గణవిభజన: పెట్టాడు. “వీరింట నీ సుతుం డిడ / వారికి వీరికిని దొడ్డ వాదయ్యె సతీ!” భాగవతం దశమస్కంధం, యశోదకు గోపికల ఫిర్యాదుల వరసలోది. కందం.

నల్లకోటు: ధన్యవాదాలండీ. అయితే “తుది నా కడవల్” అంటే “నా కడవలు” అనేగా? చెప్పే గోపికవేనా కడవలు?

గణవిభజన: కాదండీ. తుదిన్ + ఆ. ద్రుతం (చివరి “న్”) మీద అచ్చు వచ్చి “తుదినా” అయింది. చివరికి ఆ కడవల్ని అని అర్థం.

తెనాలికోడలు: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. తాటాకు మీద పదాల మధ్య ఖాళీలుండవు. “తుది, నా కడవల్” అని ఎందుకు విడదీయకూడదు? మా నాన్నగారు అలాగే చదివేవారు, “నా” దగ్గర గుండె మీద చెయ్యి వేసుకుని మరీ.

గణవిభజన: గుండె మీద చెయ్యి ఛందస్సులో లేదమ్మా :) ఎలా విడదీసినా “తుది నా” సగణమే (రెండు లఘువులు, ఒక గురువు). రెండో పాదం మొదటి “దో”కి “తు”తో యతి కూడా చెల్లింది. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. అర్థమే చెప్పాలి. “వారిల్లు సొచ్చి” అన్నాక కడవలు వారివే అవుతాయి గానీ నావి ఎలా అవుతాయి?

తెనాలికోడలు: ఎరువిచ్చి (వాడుకుని తిరిగిమ్మని ఇచ్చి) ఉండొచ్చుగా! “ఎరువు సొమ్ము బరువు చేటు” అన్న సామెత ఊరికే పుట్టిందా? ఈమె కడవలు వారింటికి ఎరువు పోయాయి. పిల్లాడు నెయ్యి తాగి వాటిని వీరింట పెట్టాడు. వాళ్ళిద్దరూ వాదులాడుకుంటుంటే అసలు నష్టం ఈమెది. అందుకే యశోద దగ్గరికి వచ్చింది ఈమె. లేకపోతే మూడో మనిషికి ఏం పని?

పాతపుస్తకం: మూడో మనిషికి ఏం పనా? మీరు పల్లెలో ఉన్నట్టు లేరు.

నల్లకోటు: ఎరువు సిద్ధాంతం నాకు భలే నచ్చింది. ఎందుకంటే చట్టానికి కడవ ఎవరిదన్నది ముఖ్యం కాదు, ఎవరి స్వాధీనంలో ఉందన్నదే ముఖ్యం. భారతీయ న్యాయ సంహిత 303 (పాత శిక్షాస్మృతి 378) అడిగేవి ఇవే: చర ఆస్తి అయి ఉండాలి, ఒకరి స్వాధీనంలోంచి తీయాలి, వాళ్ళ సమ్మతి ఉండకూడదు, దురుద్దేశం ఉండాలి, అందుకోసం దాన్ని కదిలించాలి. ఇంటికి మోసుకుపోనక్కర్లేదు, కదిలిస్తే చాలు. కుక్కను మరిపించడానికి జేబులో తిండి పెట్టుకుని వెళ్తే, కుక్క వెంట నడవడం మొదలుపెట్టిన క్షణానే దొంగతనం పూర్తయిందని సెక్షను కిందనే ఉదాహరణ ఉంది. ఇక్కడ మూతి దగ్గరికి కడవ వంచగానే అయిపోయింది.

గణవిభజన: అయితే కడవలు ఎరువువైనా, సొంతవైనా మీ కేసు మారదన్నమాట. మరి “నా” ఎందుకు మీకు?

నల్లకోటు: కేసుకు అక్కర్లేదు. పద్యానికి కావాలి.

డల్లాస్‌మామ: అందరూ ఆ “నా” పట్టుకుని వేలాడుతున్నారు. అసలు చిక్కు “తోరంబగు నెయ్యి”. తోరము అంటే లావు, దట్టం. పేరిన నెయ్యిని “త్రావడం” ఎలా? ఇక్కడ చలికాలం మా వంటింట్లో నెయ్యి గరిటెకు లొంగదు.

పాతపుస్తకం: తోరము అంటే విస్తారం అని కూడా. కడవల నిండా నెయ్యి. రేపల్లెకి మీ డల్లాస్ చలి తేకండి మామగారూ.

డల్లాస్‌మామ: విస్తారం అనుకుంటే “కడవలన్” అన్న బహువచనం వృథా. పోతన అలా మాట వృథా చేస్తాడా?

పాతపుస్తకం: పోతన గురించి చెప్పాలంటే, వ్యాసుడు ఈ ఘట్టంలో ఒకే పాదంలో రెండుసార్లు దొంగతనం మాట వాడాడు: “స్తేయం స్వాద్వత్త్యథ దధిపయః కల్పితైః స్తేయయోగైః”. ఆ శ్లోకంలో కడవలు మార్చడం లేదు. ఈ కందంలో చూడండి, దొంగ అన్న మాటే లేదు. సొచ్చి, త్రావి, ఇడ. మూడు క్రియలతో నేరమంతా నడిపించి, ముద్దాయి పేరు బదులు “నీ సుతుండు” అన్నాడు. మ్రుచ్చు (దొంగ) అని గోపిక నోటెంట రానివ్వలేదు.

నల్లకోటు: ఆ మూడు క్రియలూ నాకు ఛార్జిషీటే. “సొచ్చి” ఉంది గనక మామూలు దొంగతనం కాదు, నివాస గృహంలో దొంగతనం: 305, ఏడేళ్ళ దాకా. “ఇడ” అన్నది ఇంకా సొగసు. దొంగ సొత్తు దొంగతనం జరిగిన కొద్ది సేపటికే ఎవరింట్లోనైనా దొరికితే, వాళ్ళు సరైన సంజాయిషీ ఇవ్వలేకపోతే, దొంగో, తెలిసి దాచినవాళ్ళో అని కోర్టు ఊహించుకోవచ్చు. పాత సాక్ష్య చట్టం 114, ఇప్పుడు సాక్ష్య అధినియమం 119. “వారికి వీరికిని దొడ్డ వాదు” సరిగ్గా అక్కడే పుట్టింది. వీరేమో మాకు తెలియదంటారు, కడవలేమో వీరింట్లోనే ఉన్నాయి.

తెనాలికోడలు: చూశారా, కడవలు ఎవరివన్నది అప్పుడు తేలాలిగా! నేను చెప్పేదదే.

గణవిభజన: దాంట్లో “నా” ఎక్కడుందమ్మా? వారి కడవలని తేలితే చాలు.

డల్లాస్‌మామ: అయినా ఏడేళ్ళ లోపు పిల్లాడికి నేరమేమిటి? సంహిత 20 చదవలేదా లాయరుగారు? గోవర్ధనం ఎత్తినప్పుడే ఏడేళ్ళంటారు, ఇది అంతకు ముందు.

నల్లకోటు: చదివాను. అందుకే పద్యం చెప్పి ఆ ప్రశ్న జూనియర్లకు వదిలేస్తాను.

పాతపుస్తకం: భక్తులు చెప్పే వాదన ఇంకోటుంది. జగమంతా ఆయనదే, తన సొత్తు తాను తీసుకుంటే దొంగతనమేమిటని.

నల్లకోటు: అది నిలవదు. తాకట్టు పెట్టిన గడియారాన్ని అప్పు తీర్చకుండా చెప్పాపెట్టకుండా తెచ్చుకుంటే, అది తనదే అయినా దొంగతనమేనని ఉదాహరణ ఉంది. సమ్మతి వాదనైతే కొంత నిలుస్తుంది. సమ్మతి నోటితో చెప్పనక్కర్లేదు, తీరును బట్టీ తెలుసుకోవచ్చు. గోపికలు కావాలనే తలుపులు తీసి ఉంచారని వ్యాఖ్యాతలు అంటారుగా.

తెనాలికోడలు: తలుపులు తీసి ఉంచినవాళ్ళు “ఓయమ్మ! నీ కుమారుఁడు మా యిండ్లను బాలు పెరుగు మననీఁ డమ్మా!” అని ఎందుకు ఏడుస్తారు? పైగా “మా యన్నల సురభులాన” అని ఒట్టు కూడా.

పాతపుస్తకం: ఆ “మననీఁడు” ఒక్క మాటకే ఆ కందాన్ని తల మీద పెట్టుకోవచ్చు. పాలు పెరుగును బతకనివ్వడు! ఇక ఒట్టు సంగతంటారా, సొంత ఆవుల మీద కాదు, అన్నల ఆవుల మీద.

గణవిభజన: “అన్నల” అంటే తోబుట్టువులేనా, గోపపెద్దలా? నాకు ఎప్పటినుంచో అనుమానం.

డల్లాస్‌మామ: తోబుట్టువులే. పుట్టింటి సొత్తు మీద ఒట్టుకే విలువెక్కువ.

తెనాలికోడలు: పుట్టింటివాళ్ళు అదే ఊళ్ళో ఉన్నారా ఏమిటి? గోపపెద్దలే.

గణవిభజన: రేపల్లె ఆడపిల్లల్ని రేపల్లెలోనే ఇచ్చారేమో. “పోయెద మెక్కడికైనను” అన్నారు చూడండి, పుట్టింటికి అనలేదు. అంటే పుట్టిల్లూ అక్కడేగా?

నల్లకోటు: అయ్యా, నా కడవలు...

తెనాలికోడలు: “నా” అన్నారు చూశారా!