గ్యాస్ ట్యాంకు చట్రాలను దాచుకుంటున్నారు, కూలింగ్ టవర్లను మాత్రం ఎందుకు పేల్చేస్తున్నారు?

ట్రెంట్ ఒడ్డు:
నాటింగ్‌హామ్ దగ్గర ఉంటాను, ఏడేళ్లయింది. రైల్లో ఆఫీసుకు వెళ్తుంటే ఈస్ట్ మిడ్‌లాండ్స్ పార్క్‌వే స్టేషన్ పక్కనే రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ పవర్ స్టేషన్ కనిపిస్తుంది. ఎనిమిది కూలింగ్ టవర్లు (స్టేషన్‌లో వేడెక్కిన నీళ్లను చల్లార్చే గోపురాలు), ఒక్కోటి 114 మీటర్ల ఎత్తు. బ్రిటన్‌లో బొగ్గుతో కరెంటు తీసిన చివరి స్టేషన్ అదే, 2024 సెప్టెంబర్ 30న ఆపేశారు. ఇదివరకు దూరం నుంచే ఆవిరి కనబడేది, ఇప్పుడు ఏమీ లేదు, పొయ్యి మీంచి దించేసిన కాగుల్లా ఊరికే నిలబడి ఉన్నాయి. వీటిని కూడా ఎప్పుడో ఒకప్పుడు కూల్చేస్తారని అందరూ అంటున్నారు.

పోయిన నెల లండన్ వెళ్తే కింగ్స్ క్రాస్‌లో కాలవ పక్కన పాతకాలపు గ్యాస్ ట్యాంకుల ఇనప చట్రాల్లో గుండ్రంగా ఫ్లాట్లు కట్టి ఉన్నాయి. అదీ బొగ్గు పనే కదా! దానికి అంత మర్యాద, దీనికి డైనమైటా? ఇంకో డౌటు, ఆ చట్రం చుట్టూ అంతా ఖాళీయే, మరి గ్యాస్ దేంట్లో ఆగేది? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత బాయిలర్:
రెండో డౌటు ముందు. మీరు చూసింది ట్యాంకు కాదండి. ట్యాంకును ఎప్పుడో తీసేశారు, అది దాన్ని పట్టుకుని ఉండే పందిరి. పల్లెలో గోబర్ గ్యాస్ ప్లాంటు చూశారా? మా తాతగారి పెరట్లో ఉండేది, పేడ నీళ్ల మీద బోర్లించిన ఇనప డ్రమ్ము, పొద్దున్నే ఉబ్బినట్టు పైకి లేచి ఉండేది, వంటయ్యేసరికి కిందికి దిగేది. ఇదీ అచ్చం అంతే, కాకపోతే డ్రమ్ము నాలుగంతస్తుల మేడంత. కింద నీళ్ల గుంత, దాంట్లో బోర్లించిన డబ్బా, నీళ్లే సీలు, డబ్బా బరువే ప్రెషరు. పెద్దవాటిలో ఒకదాంట్లో ఒకటి దూరే డబ్బాలు రెండు మూడు ఉంటాయి, గ్యాస్ నిండేకొద్దీ ఒకటి తర్వాత ఒకటి లేస్తాయి. ఇంట్లోనే చూడొచ్చు, బకెట్ నీళ్లలో స్టీలు గ్లాసు ముంచి బోర్లించి, కింది నుంచి పైపుతో ఊదండి.

గాలి తగలకుండా బొగ్గును బాగా వేడిచేస్తే వచ్చే గ్యాస్ అది. లండన్‌లో 1812 నుంచి కంపెనీ పెట్టి అమ్మారు. 1965లో నార్త్ సీలో సహజవాయువు దొరికింది, 1967 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ వెళ్లి స్టవ్వులు మార్చారు, దాంతో బొగ్గు గ్యాస్ ఫ్యాక్టరీల పని అయిపోయింది. ట్యాంకులను మాత్రం నిల్వ కోసం ఇంకొన్నేళ్లు వాడుకున్నారు.

ఇక మొదటి డౌటు. చట్రం అంటే పోత ఇనప స్తంభాలు, దూలాలు, బోల్టులు. అంటే విప్పొచ్చు. కింగ్స్ క్రాస్‌లో ఒకదానికొకటి అతుక్కున్న ఆ మూడింటినీ 2001లో రైల్వే లైను కోసం విప్పేశారు, యార్క్‌షైర్ తీసుకెళ్లి బాగుచేయించి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. కూలింగ్ టవర్‌ని ఎలా విప్పుతారు? అంతా ఒకే కాంక్రీటు పెంకు, అదీ ఆ ఎత్తుకు మందం కొన్ని అంగుళాలే. ఫెర్రీబ్రిడ్జ్ పవర్ స్టేషన్‌లో 1965 నవంబర్ 1న గాలివానకు ఎనిమిదిలో మూడు కూలిపోయాయి, పక్కపక్కన కట్టడంతో సందుల్లోంచి వచ్చిన గాలి వెనక టవర్లను కొట్టింది. పైగా లోపల అంతస్తులు లేవు, కిటికీలు లేవు, కింద చుట్టూ తెరిపే. దాన్ని ఏం చేసుకుంటారు?

పేరెందుకులే:
ఈ బాధంతా రైల్లో కూర్చుని చూసేవాళ్లకే వస్తుంది అన్నా. మా ఊరు ఒక థర్మల్ స్టేషన్ పక్కనే, ఏదో చెప్పను. మా అమ్మ ఆరేసిన బట్టలు తీసి దులిపాకే లోపలికి తెచ్చేది, మిద్దె మీద వడియాలు పెట్టడం మానేసింది. బూడిద చెరువు పక్క పొలం ఉన్నవాడిని అడగండి అది హెరిటేజో కాదో. ఆ లండన్ ఫ్లాట్ల సంగతీ అంతే, గ్యాస్ తీసిన నేలలో తారు, సైనైడ్ దిగి ఉంటాయి, వాటిని శుభ్రం చేయడానికే బోలెడు ఖర్చు. లండన్‌లో స్థలం ధర ఆ ఖర్చుకు తట్టుకుంటుంది కాబట్టి చేశారు, ప్రేమతో కాదు.

కిన్నెరసాని:
మాది పాల్వంచ. మా కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) పాత టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టు 5న పేల్చేశారు, అంటే రాట్‌క్లిఫ్ ఆగడానికి రెండు నెలల ముందు. పైన అన్నది కొట్టిపారేయను, కానీ భద్రాచలం నుంచి రాత్రి బస్సులో వస్తూ నిద్రలో కళ్లు తెరిచి టవర్లు కనబడితే బ్యాగు దించుకునేవాళ్లం, బోర్డు చదివే పనే లేదు. నేను వీడియోలో చూశాను. నడుము దగ్గర మెలితిరిగినట్టు అయ్యి కూర్చుండిపోయాయి, కొన్ని సెకన్లు, తర్వాత అంతా దుమ్మే.

కానీ ఒక తేడా చెప్పాలి. బ్రిటన్‌లో స్టేషన్‌తో పాటు బొగ్గూ పోయింది. ఇక్కడ 720 మెగావాట్ల పాత స్టేషన్ పోయింది గానీ, అదే ఊళ్లో ఏడో దశ 800 మెగావాట్ల యూనిట్ నడుస్తూనే ఉంది, సింగరేణి బొగ్గు వస్తూనే ఉంది. మాకు గుర్తు పోయింది, బొగ్గు పోలేదు.

పాత బాయిలర్:
@కిన్నెరసాని కరెక్ట్. బ్రిటన్‌లో 2012లో కూడా కరెంటులో దగ్గర దగ్గర 40 శాతం బొగ్గుదే. 2013లో స్టేషన్లు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి కనీస ధర పెట్టారు, తర్వాత దాని మీద పన్ను టన్నుకు 18 పౌండ్ల దగ్గర నిలిచింది, ఇంకోపక్క గ్యాస్, సముద్రంలో గాలిమరలు. బొగ్గు గిట్టుబాటు కాలేదు, అంతే.

కూల్చడం కూడా తేలిక కాదు. డిడ్‌కాట్ పవర్ స్టేషన్‌లో 2016 ఫిబ్రవరి 23న, కూల్చడానికి సిద్ధం చేస్తుండగానే బాయిలర్ హౌస్ కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. టవర్లు పడ్డ వీడియోలు అందరూ చూస్తారు, ఇది ఎవరికీ గుర్తుండదు.

ఇంత మాట్లాడుతున్నాం గానీ, హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం కాలంలో కట్టిన థర్మల్ స్టేషన్ ఉండేదని హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసు? ఎన్టీఆర్ గార్డెన్స్ వైపు ఐస్‌క్రీమ్ తింటూ తిరిగిన చోటే. ఒక్క చిమ్నీ అయినా మిగల్లేదు.

ట్రెంట్ ఒడ్డు:
అందరికీ థ్యాంక్స్. @పేరెందుకులే, వడియాల మాట చదివాక ఇంకేం వాదించను, అయినా రేపు రైలెక్కితే కిటికీ వైపే కూర్చుంటాను.

బకెట్ ప్రయోగం చేశాం, మా అబ్బాయి ఊదాడు. గ్లాసు లేచినట్టే లేచి, సగంలో ఓ పక్కకి ఒరిగి బుడుంగున గాలంతా వదిలేసి మునిగిపోయింది. నాలుగుసార్లూ అంతే. చివరికి వాడే చుట్టూ నాలుగు చెంచాలు నిలబెట్టి పట్టుకోమన్నాడు, అప్పుడు నిటారుగా లేచింది. ఆ చట్రం ఎందుకో అప్పుడర్థమైంది.