ఆన్‌ట్యాప్ అప్‌గ్రేడ్: సర్వర్లు ఆపకుండా అవుతుందా?

నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. మా దగ్గర నెట్‌యాప్ స్టోరేజీ క్లస్టర్ ఒకటుంది, అంటే జతగా పనిచేసే రెండు నోడ్లు (కంట్రోలర్లు). దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆన్‌ట్యాప్, ఇప్పుడు 9.10.1. 9.14.1కి మార్చమని పైనుంచి ఒత్తిడి. ఒరాకిల్ డేటాబేస్ సర్వర్లు ఎఫ్‌సీ (ఫైబర్ ఛానల్) మీద, ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంలు నడిపే వీఎంవేర్ సర్వర్లు) డేటాస్టోర్లు, అంటే వీఎంల డిస్కులుండే చోటు, ఎన్‌ఎఫ్‌ఎస్ మీద, ఆఫీసు వాళ్ల షేర్డ్ ఫోల్డర్లు ఎస్‌ఎంబీ మీద ఉన్నాయి (ఈ రెండూ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే పద్ధతులు). ఇదివరకు ఈ పని చూసినాయన మానేసి వెళ్లిపోయాడు, రాసిపెట్టింది ఒక్క ముక్క లేదు. మా మేనేజరేమో "నాన్ డిస్రప్టివ్ అని వాళ్లే రాశారు కదా, పగలే చేసెయ్" అంటారు. అప్లికేషన్ వాళ్లేమో ఆరు గంటల డౌన్‌టైమ్ ఇస్తే తప్ప సంతకం పెట్టం అంటున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నా. నిజంగా ఏమీ ఆపకుండా అవుతుందా? చేసినవాళ్లుంటే చెప్పండి.

పాతకాపు:
అవుతుంది తమ్ముడూ. మీ మేనేజర్ అనుకున్నంత సుళువు కాదు, అప్లికేషన్ వాళ్లు భయపడుతున్నంత ఘోరమూ కాదు. ముందు లోపల జరిగేదేంటో చూడు. ఒక నోడ్ డిస్కుల్ని పక్క నోడ్ తన చేతిలోకి తీసుకుంటుంది, అదే టేకోవర్. ఖాళీ అయిన నోడ్ కొత్త వెర్షన్‌తో బూట్ అయి లేస్తుంది, దాని డిస్కులు దానికి తిరిగి అప్పగిస్తారు, అది గివ్‌బ్యాక్. తర్వాత రెండో నోడ్‌కీ ఇదే తంతు. అంటే కాసేపు మొత్తం లోడ్ ఒక్క నోడే మోయాలి, అందుకే మొదలుపెట్టే ముందు రెండింటిలో ఏదీ సీపీయూ 50 శాతం దాటి ఉండకూడదు. నెలాఖరు బ్యాచ్ జాబులు నడిచే రాత్రి మాత్రం పెట్టుకోకు.

చేతులు మారే ప్రతిసారీ రీడ్‌లు, రైట్‌లు కొద్ది క్షణాలు ఆగుతాయి. ఆ కాస్త ఆగడాన్ని సర్వర్ ఓర్చుకుంటే ఎవరికీ తెలియదు, ఓర్చుకోకపోతే నీ ఫోన్ మోగుతుంది. నేను చేసినవాటిలో గొడవైన ప్రతిసారీ తప్పు సర్వర్ వైపో స్విచ్ వైపో తేలింది. కాబట్టి నీ టైమ్‌లో ఎక్కువ భాగం అటే పెట్టు.

9.10.1 నుంచి 9.14.1కి నేరుగా వెళ్లొచ్చు, మధ్యలో ఎక్కడా ఆగక్కర్లేదు. ప్యాచ్ రిలీజ్ తీసుకో, అంటే చివర్లో పీ అక్షరం, దాని పక్కన నంబరు ఉండేది. ప్యాకేజీ ఎక్కించాక క్లస్టర్ ఇమేజ్ వాలిడేట్ కొట్టు (తెలుగులో రాస్తున్నానని అలాగే టైప్ చేసేవు). అది చెప్పే వార్నింగులన్నీ చదువు, "వార్నింగే కదా" అని దాటేయకు. డీఆర్ సైట్‌కి (మెయిన్ పోతే వాడే రెండో సెంటర్) స్నాప్‌మిర్రర్‌తో డేటా కాపీ అవుతుంటే ముందు డీఆర్ క్లస్టర్ చెయ్యి, మెయిన్ తర్వాత.

నైట్‌షిఫ్ట్:
థాంక్స్ అన్నా. సర్వర్ వైపు అంటే ఏం చూడాలి? ఒరాకిల్ అంతా రెడ్ హ్యాట్ మీద ఉంది, మొత్తం 14 సర్వర్లు.

పాతకాపు:
ప్రతి సర్వర్లో మల్టీపాత్ -ఎల్ఎల్ కొట్టు, స్టోరేజీకి ఉన్న దారులన్నీ చూపిస్తుంది. పద్నాలుగింటిలోనూ, ఒక్కటీ వదలకుండా. ఎఫ్‌సీలో లిఫ్ (స్టోరేజీ వైపు నెట్‌వర్క్ అడ్రస్) పక్క నోడ్‌కి దూకదు, దారి మార్చుకోవాల్సింది సర్వరే. ప్రతి లన్‌కి (సర్వర్‌కి డిస్కులా కనపడే స్టోరేజీ ముక్క) రెండు గుంపులు కనపడాలి: ప్రయారిటీ 50 ఉన్నది సొంత నోడ్ దారి, 10 ఉన్నది పక్క నోడ్ దారి. రెండో గుంపు లేకపోయినా మామూలు రోజుల్లో ఏ తేడా తెలియదు, అన్నీ పచ్చగానే ఉంటాయి. టేకోవర్ రోజున బయటపడుతుంది.

వీఎంవేర్ గోల:
ఈఎస్‌ఎక్స్‌ఐ గురించి నేను చెప్తా. ఎన్‌ఎఫ్‌ఎస్ డేటాస్టోర్‌కి హోస్ట్ (ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వర్) 12 సెకన్లకోసారి హార్ట్‌బీట్, అంటే "ఉన్నావా" అనే మెసేజ్, పంపుతుంది, పది సార్లు జవాబు రాకపోతే, ఆఖరిదానికి 5 సెకన్లు కలుపుకుని, మొత్తం 125 సెకన్ల తర్వాత డేటాస్టోర్ పోయిందని తేలుస్తుంది. ప్లాన్ చేసుకున్న టేకోవర్ అంతదాకా రాదు. అయితే ఎవరో "ట్యూనింగ్" పేరుతో ఆ విలువలు తగ్గించి ఉంటారు, ప్రతి హోస్ట్‌లో చూడండి. గెస్ట్‌ల (హోస్ట్ మీద నడిచే వీఎంల) డిస్క్ టైమవుట్ కూడా చూడాలి, విండోస్‌లో 60 సెకన్లు ఉండాలి. లినక్స్ గెస్ట్‌లో అది మరీ తక్కువుంటే ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ అయి కూర్చుంటుంది, పొద్దున్న వచ్చి ఒక్కొక్క వీఎంనీ రీబూట్ చేసుకోవాల్సి వస్తుంది, ఆ భాగ్యం నాకు ఒకసారి దక్కింది.

హెల్ప్‌డెస్క్:
ఎస్‌ఎంబీ విషయంలో మాత్రం "ఎవరికీ తెలియదు" అని మాటివ్వకండి బాబూ. మామూలు షేర్లలో సెషన్ తెగుతుంది. కంటిన్యువస్లీ అవైలబుల్ అని పెట్టిన ఎస్‌ఎంబీ 3 షేర్లయితేనే నిలబడుతుంది, అది హైపర్‌వీ, ఎస్‌క్యూఎల్ లాంటివాటికి పెట్టేది, ఆఫీసు ఫోల్డర్లకి కాదు. విండోస్ మళ్లీ దానంతటదే కనెక్ట్ అవుతుంది కానీ తెరిచి ఉంచిన ఎక్సెల్ ఫైలు సేవ్ చేయకపోతే గోవిందా. ముందు రోజు మెయిల్ పెట్టండి, ఎలాగూ చదవరు, అయినా పెట్టండి. అకౌంట్స్ వాళ్లకి మాత్రం ఫోన్ చేసి చెప్పండి.

పాతకాపు:
కరెక్ట్. నేను మర్చిపోయిన ఇంకో సంగతి, నిజానికి అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీలో ఇలాగే రాత్రి రెండున్నరకి మొదటి నోడ్ టేకోవర్ అయింది. ఎన్‌ఎఫ్‌ఎస్ లిఫ్ పక్క నోడ్ పోర్ట్ మీదికి చక్కగా దూకింది. పోర్ట్ అప్, లింక్ అప్, ఆన్‌ట్యాప్‌లో అంతా ఓకే. హోస్ట్ నుంచి పింగ్ మాత్రం పోవట్లేదు. చూస్తే, స్విచ్‌లో ఆ పోర్ట్‌కి ఆ లిఫ్ వాడే వీల్యాన్ (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) ఇవ్వనే లేదు. ఎప్పుడో కేబుల్ మార్చినప్పుడు మర్చిపోయారు, అప్పటినుంచి లిఫ్ ఎప్పుడూ అటు వెళ్లలేదు కాబట్టి ఎవరూ గమనించలేదు. నెట్‌వర్క్ వాళ్లని నిద్రలేపి వీల్యాన్ ఇప్పించేసరికి 11 నిమిషాలు. ఇందాక చెప్పిన 125 సెకన్లతో పోల్చుకో.

అప్పటినుంచి ఒకటే పద్ధతి. అప్‌గ్రేడ్‌కి రెండు రోజుల ముందు, జనం తక్కువున్న వేళ, ఎన్‌ఎఫ్‌ఎస్, ఎస్‌ఎంబీ లిఫ్‌లని ఒక్కొక్కటే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మైగ్రేట్‌తో పక్క నోడ్‌కి పంపి, సర్వర్ వైపునుంచి పింగ్ చూసి, ఫైలు తెరిచి చూసి, మళ్లీ వెనక్కి తెస్తా. అరగంట పని. ఇది చేయకుండా అప్‌గ్రేడ్ మొదలెట్టేవాణ్ణి నేను నమ్మను.

నైట్‌షిఫ్ట్:
అన్నా, నీకు దండం పెట్టాలి. లిఫ్‌లన్నీ అటూ ఇటూ తిప్పి చూశా, బాగానే ఉన్నాయి. కానీ 14 సర్వర్లలో ఒకదాంట్లో ప్రయారిటీ 50 గుంపు ఒక్కటే ఉంది, 10 గుంపు లేదు! నాలుగు దారులు ఉండాల్సిన చోట రెండే, రెండూ మొదటి నోడ్‌వే. పోయినేడాది కొత్తగా పెట్టిన సర్వర్ అది, జోనింగ్‌లో (ఎఫ్‌సీ స్విచ్‌లో ఏది దేన్ని చూడొచ్చో చెప్పే సెట్టింగ్) రెండో నోడ్ లిఫ్‌లు కలపనే లేదు. పైగా అది పేరోల్ డేటాబేస్. జోనింగ్ సరిచేయించా, రీస్కాన్ చేశాక నాలుగూ వచ్చాయి.

ఇంకో డౌటు. టైమ్ ఎంత అడగాలి? పగలే చెయ్యాలా?

పాతకాపు:
చూశావా, ఆ సర్వర్ ఒక్కటే చాలు మీ మేనేజర్‌కి జవాబు చెప్పడానికి.

ముందు తయారీకి అరగంట, రెండు నోడ్ల జతకి గంట, తర్వాత సరిచూసుకోడానికి అరగంట. నేనైతే నాలుగు గంటల విండో అడుగుతా, "డౌన్‌టైమ్" అన్న మాట వాడను, "సర్వీసులు నడుస్తూనే ఉంటాయి, కాస్త నెమ్మదించవచ్చు" అని రాస్తా. పగలు వద్దు. మొదటి నోడ్ అయ్యాక స్క్రీన్ మీద ఏమీ కదలకుండా ఉండిపోతుంది, కంగారుపడి ఏదీ నొక్కకు. క్లయింట్లు కుదురుకోవాలని అది డీఫాల్ట్‌గా 8 నిమిషాలు కావాలనే ఆగుతుంది. ఆ ఎనిమిది నిమిషాలు ఊరికే కూర్చోకుండా డేటాబేస్ వాళ్లని, వీఎంవేర్ వాళ్లని లైన్లో పెట్టి చూడమను. తేడా ఉంటే పాజ్ చేసి, సరిచేసి, రెజ్యూమ్ కొట్టొచ్చు. ఇక రెండు నోడ్లూ అయ్యాక పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దామంటే రివర్ట్ మాత్రం ఆపకుండా అయ్యే పని కాదు, దానికి నిజంగానే డౌన్‌టైమ్ కావాలి. ఆ సంగతి అప్రూవల్ మెయిల్‌లో ఇప్పుడే రాసిపెట్టు.

బ్యాకప్ జాబులు ఆ రాత్రికి ఆపెయ్, మధ్యలో తెగితే అనవసరపు అలర్టులు.

నైట్‌షిఫ్ట్:
శనివారం రాత్రి అయిపోయింది! 11 గంటలకి మొదలెట్టి 12:20 కల్లా రెండు నోడ్లూ 9.14.1 మీద ఉన్నాయి. ఒరాకిల్ వాళ్లకి లాగ్‌లో దారులు పోయి మళ్లీ వచ్చిన లైన్లు తప్ప ఏమీ కనపడలేదు. పేరోల్ సర్వర్లో మల్టీపాత్ -ఎల్ఎల్ కొడుతూనే కూర్చున్నా, మొదటి రెండు దారులూ ఫెయిల్డ్ అని పడి, 10 గుంపు యాక్టివ్ అవడం కళ్లారా చూశా, ఆ నిమిషంలో పడ్డ టెన్షన్ ఇంకెప్పుడూ పడలేదు. ఎస్‌ఎంబీ మీద ఒక్క కంప్లయింట్ వచ్చింది, మెయిల్ చదవనాయనే.

చివర్లో మాత్రం రెండు లిఫ్‌లు సొంత పోర్ట్‌కి తిరిగి రాలేదు, ఈజ్ హోమ్ ఫాల్స్ అని చూపిస్తోంది. ఏం చెయ్యాలి?

పాతకాపు:
వాటికి ఆటో రివర్ట్ (దానంతటదే సొంత పోర్ట్‌కి రావడం) ఆఫ్‌లో ఉండి ఉంటుంది. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ రివర్ట్ కొట్టు, వచ్చేస్తాయి. అన్నట్టు మొదలుపెట్టేటప్పుడు ఆటోసపోర్ట్‌కి (నెట్‌యాప్ సపోర్ట్‌కి దానంతటదే మెసేజ్‌లు పంపే సదుపాయం) మెయింటెనెన్స్ మెసేజ్ పెట్టావు కదా, దాన్ని ముగిస్తూ ఎండ్ అని ఇంకోటి పంపావా?

నైట్‌షిఫ్ట్:
అయ్యో. ఇప్పుడే పంపుతున్నా.