అప్‌డేట్: కాలేజీతో పాటు రోజువారీ రొటీన్ ఎలా కుదురుతుందని అడిగింది నేనే

క్లాసులు, అసైన్‌మెంట్ల మధ్య వ్యాయామం, పుస్తకాలు, డైరీ రోజూ ఎలా సాగించాలని అప్పట్లో అడిగాను. టైమ్‌టేబుల్ వేసుకోకుండా, ఎలాగూ చేసే పనికి కొత్త పనిని తగిలించమని చాలామంది చెప్పారు. అదే పనిచేసింది.

ఇప్పుడు పళ్లు తోముకోగానే చాప పరిచేస్తాను. పరిచాక ఊరికే చుట్టి పెట్టడానికి మనసొప్పదు. ల్యాబ్ ఉన్న రోజు ఐదు పుషప్స్‌తో సరి, అయినా చేసినట్టే లెక్క. రాత్రి ఫోన్ చార్జింగ్ గదిలో అవతలి మూలకి మారింది, దిండు మీద పుస్తకం ఉంటుంది. పడుకోవాలంటే దాన్ని చేత్తో తీయాల్సిందే. తీశాక రెండు పేజీలైనా తిరుగుతాయి.

డైరీ మాత్రం అటకెక్కింది. అది నాకు పడదు, అంతే.

21 రోజుల్లో అలవాటు కాలేదని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2009లో వెలువరించిన పరిశోధనలో తేలింది సుమారు 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. అందుకే పరీక్ష ముందురోజు చాప జోలికి పోను.

తెల్లవారుజామున లేవమన్న సలహాని ఇంకా ముట్టుకోలేదు. సెమిస్టర్ అయ్యాక చూద్దాం.